ముల్లు ఎత్తే చోటు

"అరిగిపోనాదంటే ఆ జావళి ప్లేటు ఒక్కటే అరిగిపోనాదేటండి? మీ దొర డప్పుల ప్లేటు కూడా అరిగిపోనాది. తీసీవోరు రెండూ తీసీండి."

"డప్పులు కావయ్యా, దాన్ని జాజ్ అంటారు. దొరల సీమలో పెద్ద పెద్ద విందుల్లో వాయించే సంగీతం. నీ చెవికి ఎక్కకపోతే అది దాని తప్పా?"

"నా సెవికే కాదండి, బజార్లో ఎవుల సెవికీ ఎక్కలేదు. మెట్ల మీంచి రేకు డబ్బాలు దొర్లించినట్టుంటాది."

"సబ్ మేజిస్ట్రేటు గారు కాలు ఆడిస్తూ వింటారు. చూశావా, లేదా?"

"ఆయన కాలు ఊరికే ఆడతాదండి. కోర్టులో కూడా ఆడతాది."

నేను రీడింగు క్లబ్బు మెట్ల మీద ఆగి ఇదంతా విన్నాను. లోపల ఉన్నది ఇద్దరే. ఒకరు యాజులు గారు. ప్లీడరు, క్లబ్బు సెక్రటరీ. రెండో ఆయన తాతబ్బాయి. బట్టల వర్తకుడు, క్లబ్బుకి గ్రామఫోను పెట్టె ఇచ్చిన దాత. పెట్టె నాది కనక పాట నేను చెప్పిందే అని ఒకాయన, క్లబ్బు నాది కనక వరస నేను రాసిందే అని ఇంకొకాయన. ఇద్దరికీ శ్రుతికీ అపశ్రుతికీ తేడా తెలియదు. ఊళ్లో ఏ పాట ఎప్పుడు వినబడాలో తేల్చేది మాత్రం వీళ్లిద్దరే.

చివరికి యాజులు గారే దిగివచ్చారు. "సరే, జాజ్ ఉంటుంది. నువ్వు విశాఖపట్నం నుంచి తెప్పించిన కొత్త నాటకం పద్యాలు కూడా వేద్దాం. వాటికి చోటు కావాలి కదా, ఆ పాత జావళి తీసేద్దాం. గొంతు బొంగురుపోయి చస్తోంది."

"అలాగన్నారు, బాగుంది. శుక్రవారంతో ఆఖరు."

"శుక్రవారంతో ఆఖరు."

అంతవరకూ ఒక్క మాట మీద కలవని వాళ్లు ఆ మాట మీద అంత సుళువుగా కలిసిపోతే నేను లోపలికి వెళ్లకుండా మెట్ల మీంచే వెనక్కి తిరిగాను. ఎందుకు తిరిగానో చెప్పాలంటే ఆ జావళి పాడినావిడ సంగతి చెప్పాలి. ఆవిడ పేరు దేవుడమ్మ. ఈ ఊరి మనిషే. ఆ సంగతి యాజులు గారికి తెలుసు, నాకు తెలుసు, ఆవిడకి తెలుసు. ఊరికి తెలియదు.

ముందు ఆ సాయంత్రాల మాట. మన్యంలో గొడవలు అణిగి, పోలీసు పటాలాలు డేరాలు ఎత్తుకుని పోయాక ఊరికి ఏమీ తోచలేదు. అప్పుడు తాతబ్బాయి పెట్టె కొన్నాడు. రోజూ దీపాలు పెట్టే వేళకి దాన్ని క్లబ్బు అరుగు మీదికి తెచ్చి, బాకా బజారు వైపు తిప్పి ప్లేట్లు వేసేవాళ్లం. అరుగు మీద బెంచీల్లో తాలూకా ఆఫీసు వాళ్లు, ప్లీడర్లు, మేష్టర్లు. కింద వీధిలో కోటవురట్ల నుంచి బెల్లం బళ్లు తోలుకొచ్చిన రైతులు. ఎదురు మేడల్లో, ఓరగా తీసిన కిటికీ తలుపుల వెనక, ఆడవాళ్లు. గోడకి తగిలించిన పలక మీద యాజులు గారు సుద్దతో వరస రాసేవారు. ముందు దేవుడి పాట, తర్వాత నాటకం పద్యాలు, తర్వాత జావళి, ఆఖర్న జాజ్. జాజ్ ఆఖర్న ఎందుకంటే సబ్ మేజిస్ట్రేటు గారు దాని కోసం కూచుంటారు. అది కాగానే యాజులు గారు ఆయన్ని జట్కా దాకా సాగనంపి, తమలపాకులు చేతిలో పెట్టి, మర్నాటి కేసు గురించి నాలుగు ముక్కలు చెవిలో వేస్తారు. మా ఊరి సంగీతానికి వరస ఏర్పడింది ఆ చెవి కోసం.

ప్రతి ప్లేటుకీ ముందు ఆయన ఉత్తరీయం సర్దుకుని ఒక ఉపన్యాసం. జావళి ముందు చెప్పేది నాకు నోటికి వచ్చు. "ఇది చెన్నపట్నంలో ఒక గౌరవ కుటుంబ స్త్రీ భక్తిపారవశ్యంతో ఆలపించిన కీర్తన. ఇందులో నాయిక జీవాత్మ, నాయకుడు పరమాత్మ." ఆ పాటలో పరమాత్మ రాత్రంతా ఇంకొకర్తె ఇంట్లో ఉండి తెల్లారి వస్తాడు. భుజం మీద గంధం మరక చూసి జీవాత్మ తలుపు గడియ పెడుతుంది. ఇది విని బెంచీల మీద పెద్దలు కళ్లు మూసుకుని భక్తిగా తల ఊపేవారు. వాళ్ల మొహాలు చూడలేక నేను చక్రం వంక చూసేవాణ్ణి.

పెట్టెకి కీ ఇచ్చే పని నాది. కాలేజీ మధ్యలో వదిలేసి వచ్చి ఊళ్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నవాడికి ఏదో ఒకటి తిప్పే పనుంటే మంచిదని కమిటీ దయ తలచింది. ఆ శుక్రవారం అయ్యాక, మళ్లీ ఆ మెట్లు ఎక్కితే కాళ్లు విరగ్గొడతానని యాజులు గారు కబురు పెట్టారు. ఆ సంగతి అలా ఉంచండి.

జాజ్ ప్లేటు పటాలంతో వచ్చిన ఒక తెల్ల ఆఫీసరు వదిలేసిపోయిన సామాన్లో దొరికింది. దొర విన్నాడు కనక గొప్పదని యాజులు గారి నమ్మకం. దొరది కనక డప్పులని తాతబ్బాయి నమ్మకం. నాకు మాత్రం నిజంగానే నచ్చింది. అందులో బూరా ఊదేవాడు ఒకడున్నాడు. అందరూ ఒక దారిన పోతూ ఉంటే వాడు పక్క సందులోకి దూరి, ఎక్కడెక్కడో తిరిగి, సరిగ్గా మలుపు దగ్గర వచ్చి కలుస్తాడు. రోలుగుంట సన్నాయి సోమన్న కల్లు పట్టించి ఊరేగింపులో వాయించినప్పుడు ఇంతే. ఆ సోమన్నని ఓ సాయంత్రం ఈ అరుగు మీద కూచోబెట్టి విందామన్నాను. యాజులు గారు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. పెళ్లికీ చావుకీ వాకిట్లో నిలబడి ఊదేవాడు బెంచీ ఎక్కడమేమిటి అన్నారు. మనిషి కనబడకుండా గొంతు ఒక్కటీ పెట్టెలో పెట్టి ఇస్తే మాత్రం మా ఊళ్లో అందరికీ సంగీతం ఇష్టమే.

జావళి విషయంలో నాకు ఒక ఆజ్ఞ ఉండేది. ఆఖరి పల్లవి అయి, ఫిడేలు ఇంకా మోగుతూ ఉండగానే ముల్లు ఎత్తెయ్యాలి. "తర్వాత అంతా గరగరే" అన్నారు యాజులు గారు. ప్లేటు నడిమి మీద కంపెనీ వాళ్లు అచ్చు వేసిన బిళ్ల కనబడకుండా తెల్లకాగితం అంటించి ఉండేది. దాని మీద ఆయన దస్తూరీతో "భక్తి" అని ఒక్క ముక్క.

ఒకనాటి మధ్యాహ్నం క్లబ్బులో ఎవరూ లేరు. గరగర ఏపాటిదో చూద్దామని ముల్లు ఎత్తకుండా వదిలేశాను. ఫిడేలు ఆగింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక పడుచు గొంతు. పాడే గొంతు కాదు, మాట్లాడే గొంతు.

"నాను నర్సీపట్నం దేవుడమ్మని."

ఆ వెనక చిన్న నవ్వు. నవ్వు మధ్యలోనే ప్లేటు అయిపోయింది.

ఊళ్లో ఆ పేరుగల మనిషి నాకు తెలిసి ఒకర్తే. రోలుగుంట దారిలో, ఊరి చివర పాకలో, జీడిగింజలు కాల్చి పప్పు తీసి సంతలో అమ్మే ముసలావిడ. జీడినూనె చిమ్మి వేళ్లన్నీ నల్లగా పొక్కి ఉంటాయి. సాయంత్రాలు బెల్లం బళ్ల మధ్య నిలబడి జాజ్ అయ్యేదాకా కదలని మనిషి కూడా ఆవిడే. ఎన్నోసార్లు చూశాను. పొద్దుపోక నిలబడుతుంది కాబోలు అనుకున్నాను.

ఆ సాయంత్రమే యాజులు గారిని అడిగాను, ఆ మాట ఎందుకు ఎత్తేయిస్తున్నారని. ఆయన ఏమాత్రం తొణకలేదు.

"మామిడిపండు తింటున్నావు. చెట్టు ఎవరిదని అడుగుతావుటోయ్?"

"దొంగతనంగా కోసిందైతే అడుగుతానండి."

"అందుకే నిన్ను కాలేజీలో ఉంచుకోలేదు" అని నవ్వి, నశ్యం పట్టించారు. ఆ రోజు నుంచీ నా మీద నమ్మకం పోయింది. పాట ఆఖరికి వచ్చేసరికి తనే వచ్చి పక్కన నిలబడి, చెయ్యి చాపి, ముల్లు తనే ఎత్తేవారు. ప్లేటుని నశ్యం మరకల ఉత్తరీయం కొంగుతోనే తుడిచి, ఆ తర్వాత చేతిని పంచెకి రాసుకునేవారు. మిగతా ఏ ప్లేటు ముట్టుకున్నా చెయ్యి రాసుకునేవారు కారు.

ఇదీ సంగతి. ఇప్పుడు ఆ ప్లేటు కూడా శుక్రవారంతో ఆఖరు. నేను గురువారం పొద్దున్నే దేవుడమ్మ పాకకి వెళ్లాను.

పాక ముందు రాళ్ల పొయ్యి మీద చిల్లుల పెనం, దాని మీద గింజలు, పాక కప్పు కనబడనంత నల్లపొగ. ఆవిడ కొంగు ముక్కుకి కట్టుకుని పొడుగాటి కర్రతో కలుపుతోంది.

"దూరంగా కూకో బాబూ. సిమ్మిందంటే నీ మొగం మీ అమ్మ గుర్తట్టదు."

"దేవుడమ్మా, నీ ప్లేటు రేపటితో ఆఖరట. తీసేస్తున్నారు."

"ఏ ప్లేటు?"

"నీ పేరున్న ప్లేటు. నేను చివరిదాకా విన్నాను."

కర్ర ఆగిపోయింది. గింజలు మాడుతున్నా చూసుకోలేదు. "ఉందేటి ఆ మాట? ఇంకా ఉందా?"

"ఉంది. పాట బొంగురుపోయింది కాని ఆ మాట నిన్న చెప్పినట్టుంది. దాని మీద ఎవరైనా ముల్లు నడపనిస్తేగా."

"నవ్వో?"

"నవ్వు కూడా."

ఆవిడ పెనం దించేసింది. కొంగు విప్పుకుని, మొహం తుడుచుకుని, నాకు ఎదురుగా కూచుంది. ఆ తర్వాత చెప్పిందంతా తనంతట తనే చెప్పింది.

తల్లి సింహాద్రమ్మ భోగం మేళం కట్టిన మనిషి. పాయకరావుపేట దాకా పెళ్లిళ్లకి వాళ్ల మేళమే వెళ్లేది. దేవుడమ్మకి పాట తల్లే నేర్పింది, తిట్లు కూడా తల్లే నేర్పింది. పడుచుతనంలో ఉండగా తునిలో ఒక పెళ్లిలో ప్లేట్ల కంపెనీ ఏజెంటు ఆవిడ పాట విన్నాడు. తల్లినీ కూతుర్నీ రైలెక్కించి మద్రాసు తీసుకెళ్లాడు.

"గోడలనిండా బొంతలు కట్టినారు బాబూ. ఉక్కకి సచ్చిపోనాను. గోడలోంచి ఒక బాకా బయటికొచ్చుంది, దాని నోట్లోకి పాడాల. గొంతు పైకెల్తే కంపెనీ దొర నా జబ్బ అట్టుకుని ఎనక్కి లాగీవోడు, కిందకొస్తే ముందుకి తోసీవోడు. పాడతన్నానో ఊయలూగుతన్నానో నాకే తెలీలేదు. మాయమ్మేమో పక్కనుండి 'సెయ్యి తియ్యరా ఎదవా' అంటంది. ఆడికి తెలుగు రాదు, మంచిగా పాడిందంటందేమో అనుకుని తలూపుతన్నాడు."

పాట అయ్యాక ఏజెంటు పేరు చెప్పమన్నాడట. ప్లేట్లు అచ్చయ్యేది సముద్రాల అవతల. పాట గీసిన మైనపు బిళ్లలు ఓడ మీద గుట్టలుగా వెళతాయి. ఏ పాట ఎవరిదో అక్కడి వాళ్లకి తెలియడానికి పాడినవాళ్లే చివర పేరు చెప్పుకోవాలి. అప్పట్లో అందరూ అలాగే చెప్పేవాళ్లట.

"పేరొక్కటీ సెప్పమన్నాడు. నాను ఊరు కూడా సెప్పీసినాను. నర్సీపట్నమా, అదెక్కడుంది అన్నట్టు ఫిడేలాయన మూతి ఇరిసినాడు. ఆ మొగం సూసీసరికి నాకు నవ్వొచ్చీసింది. అదీ లోపలికెల్లిపోనాది."

ప్లేటు అచ్చయింది. ఆవిడ వినలేదు, పెట్టె ఉంటేగా. తర్వాత మా ఊరి పెద్దలకి సంస్కారం పుట్టింది. పెళ్లిళ్లలో మేళాలు పెట్టకూడదని సభ చేసి తీర్మానించారు. అధ్యక్షులు యాజులు గారు. తీర్మానం తప్పని నేను అనను. మేళం పేరు చెప్పి మగవాళ్లు ఏం చేసేవాళ్లో నాకు తెలియంది కాదు. కాని ఆ వేళ చప్పట్లు కొట్టిన వాళ్లలో ఒక్కడు కూడా, రేపటి నుంచి పొయ్యి మీద ఏం పెట్టుకుంటావని ఆవిడని అడగలేదు. నీతికి వాళ్లు పెట్టిన ఖర్చు ఆ చప్పట్లే.

"పెళ్లిళ్లు పోతే పోనాయి బాబూ. తాగినోళ్ల మద్దిని నిలబడి పాడ్డం, ఆ సేతులు, అదో సుకమా. యాజులు బాబు పెళ్లిలో కూడా పాడినాను. ఈ జావళే. పీటల మీద కూకుని బాసికం ఊడీలాగ తలూపినారు. ఇంకోపాలి పాడమన్నారు."

"మన యాజులు గారేనా?"

"ఆయనే. అప్పుడు జుట్టుండీది."

క్లబ్బుకి పెట్టె వచ్చిన కొత్తలో ఆవిడ బజారున పోతూ తన గొంతు తనే విన్నది. నెత్తి మీద బుట్ట దించి నిలబడిపోయింది. పాట అయింది. పేరు కోసం చూసింది, రాలేదు. మర్నాడు యాజులు గారి పెరటి గుమ్మానికి వెళ్లి అడిగింది.

"కసురుకుంటారేమో అనుకున్నాను. లేదు బాబూ, మంచిగానే సెప్పినారు. ఎదురు కిటికీల్లో ఇల్లాళ్లు కూకుని నీ పాట ఇంటన్నారు దేవుడమ్మా, నీ పేరు ఇనబడిందంటే ఆళ్ల మగోళ్లు రేపు కిటికీలు మూయించీస్తారు, నీకు పాట కావాలా, పేరు కావాలా అన్నారు. నాను పాటే అన్నాను."

"ఎందుకన్నావు?"

"ఏటంటాను మరి? ఆ ఆడోళ్లు ఎప్పుడైనా నా పాట ఇన్నారేటి? నాను పందిట్లో మగోళ్ల ముందు పాడతంటే ఆళ్లు దొడ్లో అరిటాకులు కోసుకునీవోరు. ఇప్పుడింటన్నారు కదా, ఇననీ, అనుకున్నాను."

నాకు రోత పుట్టింది ఇక్కడే. యాజులు గారు అబద్ధం చెప్పి ఉంటే తిట్టుకుని ఊరుకుందును. ఆయన చెప్పింది నిజం. కిటికీలు మూసేవాళ్లే. మూసేవాళ్లలో మా నాన్న కూడా ఉండేవాడు. ఆ నిజాన్ని తెచ్చి ఆవిడ ముందు పెట్టి, ఆవిడ నోటితోనే సరే అనిపించి, ఆ తర్వాత ఆ పాటని చెన్నపట్నానికి దానం చేసేశారు. కోర్టులో ఆయన గెలిచే కేసులన్నీ ఇలాగే ఉంటాయని నాకు తెలుసు.

"ఒప్పుకున్నావు కదా. మరి ఆ మాట ఉందా అని ఇప్పుడంత ఆత్రమెందుకు?" అన్నాను. మెత్తగా అడగడం నాకు చేతకాదు.

"మొన్న నూతి కాడ మీ ఈది వరలక్ష్మమ్మ గారి కోడలు నా పాట పాడుకుంటంది. ఒకకాడ మెట్టు తప్పింది. అలాక్కాదమ్మా, అది నా పాట, ఇలాగ, అన్నాను. నవ్వింది. ఏటి మామ్మా, అది సెన్నపట్నం ఆవిడది కదా, యాజులు గారు రోజూ సెప్తన్నారు కదా అంది. నూతి కాడున్నోళ్లందరూ నవ్వినారు. జీడిపొగ ముసల్దాని తలకెక్కిందన్నాది ఒకర్తి. పాడి సూపిద్దునా, ఏటి మిగిలిందిక్కడ?" ఆవిడ నల్లటి వేళ్లతో గొంతు పట్టుకుని చూపించింది. "పొగ తినీసింది. నా ఊళ్లో నా పాట నాదంటే నాను అబద్దాలకోరునైపోనాను."

రేపటితో ఆ ప్లేటు మూలపడుతుందంటే ఏమిటో ఆవిడకి నేను వివరించనక్కర్లేకపోయింది. కాసేపు మాడిన గింజలు ఏరి పక్కన పడేస్తూ కూచుంది.

"ఆఖర్న దొర పాట ఏస్తారు కదా. అందులో బూరా ఊదీవోడున్నాడు సూడు, అందర్నీ ఒగ్గీసి ఎల్లిపోయి మళ్లీ తాళం కాడ దిగీవోడు. ఆడి పేరేటి బాబూ?"

"తెలీదు. ప్లేటు మీద బ్యాండు పేరే ఉంది."

"ఆఖర్ని సెప్పుకోలేదేటి?"

"లేదు. చివరిదాకా విన్నాను."

"పోనీలే. ఆడి ఊళ్లోనైనా ఆణ్ని ఎరుగుదురు."

నాకు ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడ్డాను. రేపు ఆయన చెయ్యి చాపితే ఆ చెయ్యి పట్టుకుని ఆపుతానన్నాను. అరుగు మీద నిలబడి, ఇది మన దేవుడమ్మ పాట అని బజారంతటికీ అరిచి చెబుతానన్నాను. ఆవిడ నా వంక తలెత్తి చూసి నవ్వింది. ప్లేటులో సగంలో తెగిపోయిన నవ్వు అదే.

"కూకో. నువ్వు ఆయన సెయ్యట్టుకుంటే ఊరంతా మీ ఇద్దరి దెబ్బలాట ఇంటాది. నా మాట ఎవులింటారు? నువ్వు అరిస్తే, సదువు సెడిన కుర్రోడు ముసల్దాని మాట నమ్మి అరుస్తన్నాడంటారు."

"మరేం చెయ్యమంటావు?"

ఆవిడ ఎప్పటి నుంచో బళ్ల మధ్య నిలబడి, అరుగు మీద ఎవరు ఎప్పుడు లేస్తారో, ఎవరు ఎటు పోతారో అంతా చూసిపెట్టుకుందని, చెప్పడం మొదలెట్టాక నాకు అర్థమైంది.

"రేపు నా పాట ఎప్పట్లాగే వెయ్యి. ఆయన సెయ్యి సాపితే ఎత్తనీ, ఏటీ అనకు. జాజూ వెయ్యి. అదవగానే ఆయన మేస్త్రీటు గారితోటి జట్కా కాడకెల్తారు కదా. జనం లేస్తంటారు, కిటికీలింకా మూసుండరు. అప్పుడు నా ప్లేటు బేగి ఎట్టీ. మొదట్నించి వొద్దు, ఆయనొచ్చీగలరు. ఆఖరి పల్లవి కాడ ముల్లు ఆనించు. పల్లవింటే ఏ పాటో ఆ ఆడోళ్లందరికీ తెలిసిపోద్ది. నాను బళ్ల కాడ ఉండను, కిటికీల కింద నిలబడతాను. పల్లవయ్యాక నాను సెప్పుకుంటాను. నువ్వు నోరిప్పకు బాబూ, నా పేరు నువ్వు సెప్పకు. ముల్లొక్కటీ ఎత్తకు."